సీసా పొడి, పొట్లం పొడి

ఫిబ్రవరి 12

ఒసే వసపిట్టా,

ఫోన్ చేస్తే నీ వెనక హాస్టల్ గ్రైండర్ మోత. ఇక్కడ నా చెవుల సంగతి నీకు తెలిసిందే, ఇన్నేళ్ళు లేత్ మిషన్ పక్కన నిలబడ్డ చెవులు. అందుకే ఉత్తరం. ఇందులో అయితే నువ్వు మధ్యలో అడ్డుపడలేవు కూడా.

సంగతేమిటంటే, నేను వంటింట్లోకి దిగాను. నవ్వకు. రిటైరై ఇంట్లో కూర్చున్న నెలలోనే మీ వదినకు జ్వరం పట్టుకుంది. జ్వరం పోయింది గానీ తిండి మాత్రం తిరిగి రాలేదు. రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కకు జరిపేస్తోంది. మెడ కింద ఎముకలు తేలాయి. సబ్బుల ఫ్యాక్టరీ వాళ్ళు ఏప్రిల్ మొదటికల్లా రమ్మన్నారు. అక్కడ కొత్తగా కలిపిన ప్రతి సబ్బు ముద్దనూ వాసన చూసి ‘సరే’ అనో ‘మళ్ళీ కలపండి’ అనో చెప్పేది ఆవిడే కదా. ఆవిడ తలూపనిదే ఒక్క ముద్ద కూడా అచ్చుల్లోకి వెళ్ళదు. ఇలా తినకుండా ఉంటే రోజంతా ఆ బల్ల దగ్గర ఎలా నిలబడుతుంది? ఈవిడ చేత కడుపునిండా తినిపించాలి, ప్రస్తుతం నాకున్న పని అదొక్కటే.

మసాలా పొడులు కొందామని వీధి చివరి కొట్టుకు వెళ్ళాను. పసుపు, కారం, ధనియాల పొడి, జీలకర్ర పొడి, అన్నీ రెండేసి రకాలు. కింది అరలో కాగితం పొట్లాలు. పై అరలో గాజు సీసాలు, మూత చుట్టూ బంగారు రంగు కాగితం, ధర మూడింతలు. ‘లోపల తేడా ఏమిటయ్యా?’ అని అడిగాను. కొట్టతను తల గోక్కుని, ‘కొనేవాళ్ళలో తేడా ఉంటుందండీ’ అన్నాడు. ఆ మాటకు నాకు తిక్క రేగి రెండూ కొన్నాను. ఇంటికొచ్చి తెల్ల కాగితం మీద పక్కపక్కనే పోసి భూతద్దంతో చూశాను. పొట్లం పసుపు నిగనిగలాడుతోంది, సీసా పసుపు కాస్త మసగ్గా ఉంది. మంచిది మసగ్గా ఉండటమేమిటో నాకు అంతుపట్టలేదు.

మీ వదినను అడిగితే ‘ఏదైనా ఒకటేలెండి’ అంది. గుప్పెడు జీలకర్ర కోసం మూడు కొట్లు తిరిగే మనిషి! ఎంత నీరసించిపోయిందో చూడు. వెంటనే రాయి, ఖరీదైనది వాడాలా, చవకది చాలా?

నీ అన్నయ్య

*

ఫిబ్రవరి 20

మా కొలబద్ద అన్నయ్యకు,

నువ్వు గరిటె పట్టావన్న వార్త హాస్టల్ వంటింట్లో అందరికీ చదివి వినిపించాను. కూరగాయలు తరిగే ఆవిడ కత్తిపీట వదిలేసి మరీ నవ్వింది. పసుపును భూతద్దంతో చూసినవాడివి ఈ భూమ్మీద నువ్వొక్కడివే అయ్యుంటావు. రేపు ఉప్పుకు స్కేలు పెడతావేమో.

అయితే నీ ప్రశ్న మంచిదే. నేను వందమంది ఆడపిల్లలకు వండుతాను. వాళ్ళు తిని పడేసిన పళ్ళాలు చూస్తేనే ఆ పూట ఏ పొడి ఎలా ఉందో చెప్పేస్తాను. విను మరి. మరీ నిగనిగలాడే పసుపును నమ్మకు, అందులో రంగు కలిపి ఉండొచ్చు. ఖరీదు కన్నా వయసు ముఖ్యం. నిరుడు దంచిన సీసా పొడి కన్నా నిన్న దంచిన పొట్లం పొడి వెయ్యి రెట్లు నయం. ధనియాల పొడి అన్నిటికన్నా ముందు చచ్చిపోతుంది. రెండు వేళ్ళ మధ్య నలిపి వాసన చూడు. ముక్కులోకి దూసుకొస్తే బతికుంది, గోనెసంచి వాసన వస్తే పోయింది. డబ్బాలు పొయ్యి పైన అరలో పెట్టకు. నువ్వు అక్కడే పెట్టి ఉంటావని నాకు తెలుసు, దించు.

ఇవన్నీ ఎందుకు? ఇంట్లో అంత గొప్ప ముక్కును పెట్టుకుని నన్నడుగుతావేం? ఒకే కూర రెండు గిన్నెల్లో వండు. ఒకదాంట్లో సీసా పొడి, ఒకదాంట్లో పొట్లం పొడి. ఏది ఏదో వదినకు చెప్పకు. ముద్ద నోటి దాకా రాకముందే ఆవిడ చెప్పేస్తుంది. మీ పెళ్ళయిన కొత్తలో నా జడ వాసన చూసి, తలనూనె మార్చానని కనిపెట్టిన మనిషి ఆవిడ!

ఇక్కడ వార్డెన్‌కీ నాకూ మళ్ళీ పడటం లేదు. గ్యాస్ ఎక్కువ కాలుస్తున్నానట. ఆ సంగతి ఇంకో ఉత్తరంలో.

నీ వసపిట్ట

*

మార్చి 3

ఒసే,

డబ్బాలు దించాను. అక్కడే పెట్టానని ఎలా తెలిసిందో గానీ నీకు దణ్ణం.

నువ్వు చెప్పినట్టే చేశాను. బంగాళాదుంపలు సమానంగా తూచి, ఒకే సైజు ముక్కలు కోసి (కొలిచాను, నవ్వుకో), రెండు గిన్నెల్లో వండాను. మీ వదిన రెండూ తిని ‘రెండూ బాగున్నాయండీ’ అంది. ‘ఏది ఎక్కువ బాగుంది?’ అంటే కాసేపు నా మొహంలోకి చూసి, ‘ఎడమ చేతి వైపుది’ అంది. మర్నాడు గిన్నెలు అటూ ఇటూ మార్చాను. మళ్ళీ ఎడమ చేతి వైపుదే అంది! వంకాయతో చూశాను, బీన్స్‌తో చూశాను. ప్రతిసారీ ‘బాగుంది.’

విచిత్రమేమిటంటే నాకు తేడా తెలుస్తోంది. సీసా జీలకర్ర మూత తియ్యగానే కళ్ళు చెమర్చేంత ఘాటు. పొట్లంది నువ్వన్న గోనెసంచి. జన్మలో వాసనల జోలికి పోని నాకు తెలిసింది ఆవిడకు తెలియకపోవడమేమిటి?

మొన్న ఇంకా తమాషా జరిగింది. పప్పు వండుతూ ఏ పొడీ వెయ్యడం మరిచిపోయాను. ఉప్పు ఒక్కటే పడింది. నేను ముద్ద నోట్లో పెట్టుకుని నిర్ఘాంతపోయాను. ఆవిడ అప్పటికే నాలుగు ముద్దలు తిని, ‘ఇవాళ పప్పు కుదిరింది’ అంది. కారం డబ్బా మాత్రం దగ్గర పెట్టుకుని పైన చల్లుకుంటుంది, చెమట కారేదాకా. అడుగంటిన కూర గోకి ఇస్తే కరకరా నములుతుంది. అంటే నా వంట ఆవిడకు చప్పగా ఉందనే కదా? ఆ మాట నాతో అనొచ్చుగా? చిన్నపిల్లాడు గీసిన బొమ్మను మెచ్చుకున్నట్టు మెచ్చుకుంటోంది. నాకు మనసు చివుక్కుమంది.

ఏమైతేనేం, నీ హాస్టల్ సరుకు లాంటిదే మాకూ చాలేమో.

అన్నయ్య

*

మార్చి 11

అన్నయ్యా,

‘నీ హాస్టల్ సరుకు’ అన్నావా? బాగుంది. వందమంది నాలుకలను గెలుచుకునే సరుకది. నీ ఉత్తరం చదివి ఆ పూట నేను కూడా అన్నం సరిగ్గా తినలేదు. నీకు వండటం రాగానే నా వంట నీకు లోకువైపోయింది.

సరే, కోపం పక్కన పెట్టాను, వదిన కోసం. నాకు తోచింది చెబుతాను. ఆవిడ నిన్ను నొప్పించడం ఇష్టంలేక బాగుందంటోంది. ఏ పూటైనా వంకర మాట అంటే నువ్వు గరిటె విసిరేసి మళ్ళీ వంటింటి మొహం చూడవని భయం. నీకు కోపం ముక్కు మీదే ఉంటుంది కదా. కాబట్టి నువ్వే గట్టిగా అడుగు. ‘నిజం చెప్పేదాకా వదలను’ అని పట్టుబట్టు.

ఆవిడ నోరు విప్పించడానికి నేనూ ఒకటి పంపుతున్నాను. ధనియాలు నేనే వేయించి, నేనే దంచాను. దంచుతుంటే మెట్ల మీద పోయే పిల్లలు ఆగి ఏం వండుతున్నావని అడిగారు. పార్సెల్ వదిన ముందే విప్పు. ఇది చూసి కూడా ‘ఏదైనా ఒకటే’ అంటే నా పేరు మార్చుకుంటాను.

గ్యాస్ గొడవలో వార్డెన్ తగ్గింది. పెద్ద గిన్నెలకు మూతలు కొనిచ్చింది. నేనూ ఒక మెట్టు దిగాను.

నీ చెల్లెలు

*

మార్చి 20

చెల్లీ,

నీ పార్సెల్ అందింది. అది విప్పిన గడియ ఎలాంటిదో గానీ ఇంట్లో మాటలు లేవు.

నువ్వన్నట్టే ఆవిడ పక్కన కూర్చుని విప్పాను. ఇల్లంతా గుప్పుమంది. ఎదురింటి దర్జీ మెషిన్ ఆపి, టేపు మెడలో వేసుకుని వచ్చి, ‘ఏం వాసనండీ అది, ప్రాణం లేచొచ్చింది’ అన్నాడు. నేను గర్వంగా మీ వదిన వైపు తిరిగాను. ఆవిడ బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండా, ‘పార్సెల్లో ఏమిటండీ?’ అంది.

నాకు ఒళ్ళు మండింది. పొడి ఆవిడ మోకాలికి జానెడు దూరంలో ఉంది! ‘నా చెల్లెలు చేతులు నొప్పెట్టేలా దంచి పంపితే ఏమీ లేనట్టు అడుగుతావా? నా వంటను ఎగతాళి చేశావు, ఊరుకున్నాను. ఇప్పుడు దాని మీద కూడానా?’ అని అరిచాను. నిజం చెప్పమని పట్టుబట్టాను. ఆవిడ లేచి వెళ్ళి కొళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుంటూ అలాగే నిలబడింది. నేను పిలిచినా రాలేదు. ఈ మధ్య ఎప్పుడు చూసినా అక్కడే నిలబడి, చేతులు మొహం దగ్గర పెట్టుకుని ఉంటుంది.

మర్నాడు ఫ్యాక్టరీ నుంచి సూపర్‌వైజర్ వచ్చింది. ‘మీరు లేక పని నడవటం లేదు, ఒకటో తారీఖు వస్తారు కదా?’ అని బతిమాలింది. ఆవిడ ‘చెబుతాను’ అంది అంతే. పని అంటే ప్రాణం పెట్టే మనిషి! నేనంటే విసుగు పుట్టిందా, ఇల్లంటేనే విసుగు పుట్టిందా, తెలియడం లేదు. ఆవిడకు అన్నీ ఒకటే అయినప్పుడు సీసాలెందుకు? ఇకనుంచి పొట్లాలే.

నీ పొడిని మాత్రం గట్టి మూత పెట్టి దాచాను.

అన్నయ్య

*

మార్చి 24

అన్నయ్యా,

ముందు నన్ను క్షమించు. గట్టిగా అడగమని నిన్ను ఎగదోసింది నేనే. ఈ ఉత్తరం పోస్టులో వేసి వచ్చాకే పొయ్యి వెలిగిస్తాను.

పొడుల సంగతి వదిలెయ్. ఇప్పటిదాకా నువ్వు పొడులను పరీక్షిస్తున్నానని అనుకున్నావు, నేనూ అలాగే అనుకున్నాను. మనం పరీక్షించింది వదినను. ఏ పొడీ వెయ్యని పప్పు కుదిరిందంది. వాసన వద్దు గానీ మంట కావాలి, అందుకే కారం. కరకర కావాలి, అందుకే మాడు. కొళాయి దగ్గర నిలబడి ఆవిడ చేతులు కడుక్కోవడం లేదన్నయ్యా, సబ్బు వాసన వస్తుందేమోనని చూసుకుంటోంది. వదినకు వాసన తెలియడం లేదు. ఆ ముక్కు మీదే ఆవిడ బతుకంతా నిలబడింది కదా.

నువ్వు తిట్టుకుంటావేమో గానీ ఇది కూడా చెబుతాను. నీకు చెవులు మందగించిన కొత్తలో ఎవరేమన్నా తలూపి ‘అవునవును’ అనేవాడివి, గుర్తుందా? మా అత్తగారు పోయిందని చెబితే ‘చాలా సంతోషం’ అన్నావు. అప్పుడు నీ భుజం మీద చెయ్యేసి, ‘ఆయనకు వినిపించడం లేదు, దగ్గరకొచ్చి చెప్పండి’ అని అందరికీ చెప్పింది వదినే. నువ్వు తలూపినట్టే ఇప్పుడు ఆవిడ ప్రతి కూరకూ బాగుందంటోంది.

ఒక్క మాట వింటావా? ఆవిడ ముందు సీసాలు వరసగా పెట్టి మూతలు తీయొద్దు. ఊరికే దగ్గర కూర్చుని అడుగు.

చెల్లెలు

*

ఏప్రిల్ 2

వసపిట్టా,

అడిగాను. ఆవిడ బఠాణీలు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చుని నేనూ నాలుగు కాయలు తీసుకున్నాను. ‘నీకు వాసన తెలియడం లేదు కదూ?’ అన్నాను.

ఒలుస్తున్న చెయ్యి ఆగిపోయింది. ‘ఎవరు చెప్పారు?’ అంది. మా చెల్లెలు అన్నాను. ‘అంత దూరాన కూర్చుని తను కనిపెట్టిందా? పక్కనే ఉన్న మీకు తెలియలేదా?’ అంది. ఏడ్చింది. నేనూ ఏడ్చాను, నీ దగ్గర దాపరికమెందుకు.

జ్వరం తగ్గిన రోజే తెలిసిందట. స్నానానికి సబ్బు తీసుకుంటే చేతిలో రాయి ఉన్నట్టుందట. ‘సబ్బు, నీళ్ళు, కూర, మీరు, అన్నీ ఒకటే అయిపోయాయి’ అంది. ‘మరి నాకెందుకు చెప్పలేదు?’ అంటే ఏమందో తెలుసా? ‘చెబితే ఫ్యాక్టరీలోనూ చెప్పాలి. నాకు వేరే పని రాదు. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని చూశాను. మీరేమో పసుపు మీద భూతద్దం పెట్టుకుని ఒళ్ళు మరిచి కూర్చునేవారు. మిమ్మల్ని అంత హుషారుగా నేనెప్పుడూ చూడలేదు. బాగుందని అనగానే మీ మొహం వెలిగిపోయేది. అది చూడటానికే ఆ రెండు ముద్దలైనా తినేదాన్ని.’

నేను ఆవిడను ఎన్నేసి మాటలన్నానో నీకు రాశానుగా. ఇంకేం చెప్పను.

డాక్టరు దగ్గరకు వెళ్ళాం. కొందరికి కొన్ని నెలల్లో తిరిగి వస్తుందట, కొందరికి రాదట, ముందే చెప్పలేమన్నాడు. రోజూ ఉదయం, సాయంత్రం ఘాటైన వాసనలు నాలుగు వరసగా చూడమన్నాడు. తెలిసినా తెలియకపోయినా మానకూడదట. దోవలో కొట్టు దగ్గర ఆగి పై అర చూపించాను. ‘పొట్లాలు చాలన్నారుగా?’ అన్నాడు కొట్టతను. ‘నాకు చాలు. ఈవిడకు మాత్రం నీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా ఘాటైనది కావాలి’ అన్నాను. మిరియాలు, జీలకర్ర, దాల్చినచెక్క సీసాలు కొన్నాం. నాలుగోది నీ ధనియాలు.

నిన్న, ఒకటో తారీఖున, ఆవిడే ఫ్యాక్టరీకి వెళ్ళి, ఆ బల్ల ముందు నిలబడి, అందరికీ చెప్పేసింది. నేను గేటు బయట నిలబడ్డాను. ప్రస్తుతానికి సబ్బులు పెట్టెల్లో సర్దే చోట వేశారు.

అన్నయ్య

*

ఏప్రిల్ 9

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి ఒక మూల కూర్చుండిపోయాను. కూరగాయల ఆవిడ ఎవరికేమైందని అడిగింది. ఎవరికీ ఏమీ కాలేదు, మా వదిన ధైర్యవంతురాలు అన్నాను.

నాకు తెలుసుకోవాలని ఉంది, విసుక్కోకుండా రాయి. సీసా దగ్గర పెట్టుకుంటే ఆవిడకు ఏమనిపిస్తుంది? అసలేమీ లేదా, ఎక్కడో దూరంగా కాస్త ఉంటుందా? ఇంకొకటి. ఆవిడ వాసన చూస్తున్నప్పుడు నువ్వు కూడా చూసి, అది ఎలా ఉందో నోటితో చెబుతూ ఉండు. గుర్తైనా వస్తుందేమో. ధనియాలు అయిపోకముందే రాయి, మళ్ళీ దంచుతాను. ఈసారి మా వార్డెన్ కూడా ఒక చెయ్యి వేస్తానంది.

చెల్లెలు

*

ఏప్రిల్ 30

నా వసపిట్టకు,

ముందు నీ ప్రశ్న. ఎక్కువగా ఏమీ తెలియదట. మిరియాలు గుచ్చుకుంటాయి, అది వాసన కాదు, మంట అంటుంది. మొన్న దాల్చినచెక్క దగ్గర ఒక్క క్షణం తలుపు సందులోంచి ఏదో వచ్చి పోయినట్టుందంది. మళ్ళీ రాలేదు. అయినా మేం మానలేదు.

నువ్వు చెప్పమన్నావు చూశావూ, అది నా తలకు చుట్టుకుంది. మొదటి రోజు జీలకర్ర వాసన చూసి, ‘జీలకర్రలా ఉంది’ అన్నాను. మీ వదిన నవ్వింది, ఎన్నాళ్ళకో. ‘ఇలాగైతే మా ఫ్యాక్టరీలో మిమ్మల్ని గేటు లోపలికి కూడా రానివ్వరు’ అని నాకు పాఠం మొదలుపెట్టింది. పొడిగా ఉందా, తడిగా ఉందా? ముందు ఏం తగులుతుంది, వెనక ఏం మిగులుతుంది? గొంతు దాకా పోతుందా, ముక్కులోనే ఆగుతుందా? ఇప్పుడు చెప్పగలను. జీలకర్ర ముందు మట్టిలా వచ్చి, వెనక నిమ్మతొక్కలా పోతుంది. నీ ధనియాలు మొదట తియ్యగా ఉండి, తరవాత ఎండిన ఆకులా అవుతాయి. పొట్లం ధనియాలు మొదట్లోనే ఆగిపోతాయి. నువ్వు నవ్వుతావు గానీ, ఇన్నేళ్ళూ ఇన్ని వాసనల మధ్య తిరిగి నేను ఒక్కటీ గమనించలేదు. మా వర్క్‌షాపు నూనె ఎలా ఉండేదని ఆవిడ అడిగితే తెల్లమొహం వేశాను.

ఖరీదైనదా, చవకదా అని మొదలుపెట్టాం కదా. పసుపు, కారం ఇప్పుడు పొట్లాలే, కాకపోతే ఎప్పుడు దంచారో అడిగి తెచ్చుకుంటున్నాను. జీలకర్ర, ధనియాలు గింజలుగా కొని వారానికి సరిపడా దంచుకుంటున్నాను. సీసాలు ఆవిడవి. కొట్టతను నన్ను చూస్తే కుర్చీ వేస్తున్నాడు, భయంతోనో, గౌరవంతోనో.

వంట వడ్డిస్తూ కూడా చెబుతున్నాను. ఇదిగో వంకాయ, వేగిన తొక్క వాసన ముందొస్తుంది, అడుగున ధనియాలు, ఇవాళ కాస్త మాడింది కూడా, అని. ఆవిడ వింటూ నెమ్మదిగా నములుతుంది. కారం డబ్బా అడగడం తగ్గింది.

నిన్న మధ్యాహ్నం భోజనం దగ్గర ముద్ద కలుపుతూ ఉన్నట్టుండి, ‘ఏమండీ, నేనెలా ఉంటాను?’ అంది. నాకు అర్థం కాలేదు. ‘నా వాసన. ప్రతి మనిషికీ ఒకటుంటుంది కదా. రోజూ సబ్బుల మధ్య తిరిగి నాది నాకెప్పుడూ తెలియలేదు. ఇక తెలుస్తుందో లేదో. మీకు తెలిసింది చెప్పండి’ అంది.

ఇన్నేళ్ళు కాపురం చేశాం. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోవడం చూసి నాకు సిగ్గేసింది. చెయ్యి కడుక్కుని వచ్చాను. ఆవిడ జుట్టు దగ్గర, మెడ దగ్గర మొహం పెట్టి, ఆవిడ నేర్పినట్టే, ముందు ఏముందో, వెనక ఏముందో, ఎక్కడిదాకా పోతుందో తొందరపడకుండా చూశాను. చూసి చెప్పాను. ఏం చెప్పానో నీకు రాయను, అలిగినా సరే.

కళ్ళు మూసుకుని అంతా విని, మీ వదిన పళ్ళెం నా ముందుకు జరిపి, ‘ఇంకాస్త కూర వెయ్యండి’ అంది.

నీ అన్నయ్య